పర్వతారోహణ, రాక్ క్లైంబింగ్ వృత్తిగా: మొదటి ముడి నుంచి మొదటి క్లయింట్ దాకా

ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. “ఎంత ఎత్తు ఎక్కితే ప్రొఫెషనల్ అంటారండీ?” అని. ఎత్తుకీ దీనికీ పెద్దగా సంబంధం లేదు. మీ తాడుకి అవతలి కొసన ఇంకో మనిషి ఉంటారు. ఆ మనిషి తన ప్రాణాన్ని మీ చేతుల్లో పెట్టి నిశ్చింతగా ఎక్కగలిగితే, దిగాక మళ్లీ మీతోనే వస్తానంటే, అప్పుడు ఇది మీ వృత్తి అయినట్టు. ఆ నమ్మకం ఎలా సంపాదించాలో, ఏ వరసలో ఏం నేర్చుకోవాలో వివరంగా రాస్తున్నాను. ఏడెనిమిదేళ్లు పడుతుందని మనసులో పెట్టుకునే మొదలుపెట్టండి. తొందరపడేవాళ్లకి ఇంకా ఎక్కువ పడుతుంది, దెబ్బ తగిలి ఇంట్లో కూర్చున్న నెలలు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందే తెలుసుకోండి

శిఖరం మీద జెండా పట్టుకున్న ఫొటోలు చూసి, స్పాన్సర్లే ఈ రంగాన్ని నడుపుతున్నారని చాలామంది అనుకుంటారు. ఎక్కువమందికి ఇల్లు గడిచేది గైడింగ్ మీద, శిక్షణ ఇవ్వడం మీద. ఇండోర్ వాల్స్ మీద కొత్త రూట్లు అమర్చే రూట్ సెట్టర్లు ఉంటారు. వంతెనలు, ఎత్తైన భవనాలు, గాలిమరల మీద తాళ్లతో వేలాడుతూ మరమ్మతులు చేసే రోప్ యాక్సెస్ పని ఉంటుంది. సినిమా యూనిట్లకు భద్రత చూడటం, రెస్క్యూ బృందాల్లో ఉద్యోగం, పర్వతాల మీద కెమెరా పని కూడా ఉంటాయి. స్పాన్సర్ల డబ్బుతోనే బతికేవాళ్లు చాలా కొద్దిమంది.

ఎడ్ వీస్టర్స్ సంగతి చూడండి. ప్రపంచంలో 8,000 మీటర్లు దాటిన శిఖరాలు 14 ఉంటే, ఆ 14 శిఖరాలనూ ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఎక్కిన మనిషి. ఆయన చదివింది పశువైద్యం. అమెరికాలోని మౌంట్ రైనియర్ మీద గైడ్‌గా పనిచేస్తూ వచ్చి, చివరికి ఆ వైద్యవృత్తి వదులుకుని కొండలకే పరిమితమయ్యారు. ఆ 14లో మొదటిది కాంచన్‌జంగ, 1989లో. ఆఖరిది అన్నపూర్ణ, 2005లో. మొత్తం 16 ఏళ్లు. కాబట్టి ఇప్పుడున్న చదువునో ఉద్యోగాన్నో మొదటి మూడేళ్లు వదలొద్దు. ఈ పని సీజన్లను బట్టి నడుస్తుంది. ఏడాదిలో కొన్ని నెలలు తీరికే దొరకదు, కొన్ని నెలలు పనే ఉండదు. ఆ ఖాళీ నెలల్లో అద్దె కట్టలేక, ఒప్పుకోకూడని పనులు ఒప్పుకున్నవాళ్లను చూశాను. వాతావరణం బాగాలేదని తెలిసీ డబ్బు కోసం క్లయింట్‌ని పైకి తీసుకెళ్లే పరిస్థితి మీకు రాకూడదు.

మీ దారి ఏదో ఎంచుకోండి

బయటివాళ్లకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ ఇవి వేర్వేరు పనులు. బౌల్డరింగ్ అంటే తాడు లేకుండా, కింద మెత్తటి ప్యాడ్లు పరుచుకుని చిన్న బండలు ఎక్కడం. స్పోర్ట్ క్లైంబింగ్‌లో రాతికి ముందే బోల్టులు కొట్టి ఉంటాయి, వాటికి తాడు తగిలించుకుంటూ పోతారు. ట్రాడ్‌లో బోల్టులుండవు, రాతి పగుళ్లలో ఇరుక్కుని తాడును పట్టి ఉంచే లోహపు సామాను, అంటే నట్లు, క్యామ్‌లు, మీరే పెట్టుకుంటూ ఎక్కి, వెనకాల వచ్చే పార్ట్‌నర్ చేత తీయించుకోవాలి. ఆల్పైన్‌లో రాయి, మంచు, గడ్డకట్టిన ఐసు మూడూ కలిసి వస్తాయి. ఎక్స్‌పెడిషన్ పర్వతారోహణలో వారాల తరబడి క్యాంపులు వేసుకుంటూ ఎత్తుకి పోవాలి.

పోటీల దారి వేరు. స్పోర్ట్ క్లైంబింగ్ టోక్యో ఒలింపిక్స్‌తో ఒలింపిక్ క్రీడ అయింది. స్పీడ్ విభాగంలో గోడ ఎత్తు 15 మీటర్లు, పెద్ద క్రీడాకారులు దాన్ని ఐదారు సెకన్లలో ఎక్కేస్తారు. ఆ దారిలో వెళ్లాలంటే చిన్న వయసులోనే మొదలుపెట్టాలి, మంచి కోచ్ కావాలి. మీకు ఇరవై ఐదేళ్లు దాటి, ఇప్పుడే మొదలుపెడుతున్నట్టయితే ఆ ఆలోచన పక్కన పెట్టండి. గైడింగ్‌కి, ఎక్స్‌పెడిషన్లకి మాత్రం ఆ వయసు ఏమాత్రం ఎక్కువ కాదు.

దారి ఏదైనా రాయి మీదే మొదలుపెట్టమంటాను. తాడు పట్టడం, బరువు పాదాల మీదికి తేవడం, భయంలో కూడా బుర్ర పనిచేయించడం రాయి నేర్పినంత త్వరగా మంచు నేర్పదు.

మొదటి ఏడాది: పాదాలు, వేళ్లు

కొత్తవాళ్లు చేతులతో ఎక్కుతారు. పది నిమిషాల్లో మోచేతి కింద కండరాలు బిగుసుకుపోయి, పిడికిలి మూయడం కూడా కష్టమవుతుంది. దాన్నే పంప్ అంటారు. బలం చాలక అలా అయిందనుకుని జిమ్‌కి పరిగెడతారు. చూపు కిందికి తిప్పండి. బూటు కొన, బొటనవేలి లోపలి అంచు రాతి మీద ఎక్కడ పడాలో కంటితో చూసి, పెట్టి, ఒకసారి పెట్టాక కదపకుండా దాని మీద నిలబడండి. వారానికి ఒక రోజు తేలికైన రూట్ల మీద పాదం చప్పుడు కాకుండా ఎక్కడమే సాధన చేయండి. బూటు చప్పుడైతే పాదం సరిగ్గా పడలేదని అర్థం.

వేళ్ల విషయంలో ఓపిక పట్టాలి. కండ కొన్ని నెలల్లో గట్టిపడుతుంది. వేళ్ల స్నాయువులకు, వాటిని ఎముకకు అదిమిపెట్టి ఉంచే పుల్లీలకు అంతకంటే చాలా ఎక్కువ కాలం కావాలి. బలం వచ్చేసింది కదా అని మొదటి ఏడాదే హ్యాంగ్‌బోర్డ్ (వేళ్ల బలం కోసం వేలాడే పలక) మీద వేళ్ల కొసలతో వేలాడితే, ఒకరోజు వేలి లోపల టప్‌మని వినిపిస్తుంది. పుల్లీ తెగితే నెలల తరబడి ఆట కట్టు. వారానికి మూడు రోజులు ఎక్కండి, మధ్యలో విశ్రాంతి రోజులు ఉంచుకోండి. ఇండోర్ వాల్ దొరికితే మంచిదే కానీ, అదే సర్వస్వం అనుకోవద్దు. అక్కడ పట్టులు రంగులతో కనిపిస్తాయి. బయట రాతిలో పట్టు ఎక్కడుందో మీరే వెతుక్కోవాలి.

ముడి, బకిల్, లాక్

ఈ భాగం దగ్గర మాత్రం ఆగి నిదానంగా చదవండి.

తాడు కొసను మీ హార్నెస్‌కి, అంటే నడుముకీ తొడలకీ వేసుకునే పట్టీలకి, ఎనిమిది ఆకారపు ముడితో కట్టుకుంటారు. తాడు కొస నుంచి ఒక చేతి పొడవంత పైన ముందు ఒక ఎనిమిది వేస్తారు. కొసను హార్నెస్‌లో కింద, పైన ఉన్న రెండు పట్టీల గుండా పోనిచ్చి, అదే ఎనిమిది వెంట వెనక్కి నడిపిస్తారు. ముడి పూర్తయ్యాక తాళ్లు జంటలు జంటలుగా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా పక్కపక్కనే కనిపించాలి. ఐదు జంటలుంటాయి, లెక్కపెట్టండి. ఒక్కో పోగును లాగి బిగించండి. చివర కనీసం ఒక జానెడు తోక మిగలాలి.

ఇది నేర్చుకోవడానికి పావుగంట చాలు. ప్రతిసారీ, ఒక్కసారి కూడా తప్పకుండా, పూర్తిగా వేయడమే కష్టం. 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూక్స్ దగ్గర లిన్ హిల్ తన ముడి సగం వేసి, మధ్యలో వేరే పనిలో పడి, దాన్ని పూర్తి చేయకుండానే ఎక్కేశారు. జాకెట్ కింద ముడి కనిపించలేదు. పైకి చేరి, దిగడానికి తాడు మీద బరువు వేయగానే తాడు జారిపోయింది. 20 మీటర్లకు పైగా పడ్డారు. చెట్టు అడ్డుపడబట్టి బతికారు. అప్పటికే ఆవిడ ప్రపంచంలో అగ్రశ్రేణి క్లైంబర్. నాలుగేళ్ల తర్వాత, 1993లో, అమెరికాలోని యోసెమిటీలో ఉన్న నిలువు రాతిగోడ ఎల్ కాపిటన్ మీది నోస్ రూట్‌ని మొట్టమొదటిసారి ఫ్రీగా, అంటే సామాను పట్టుకుని పైకి లాక్కోకుండా చేతులు కాళ్లతోనే, ఎక్కింది కూడా ఆవిడే. అంతటి మనిషికి జరిగింది మనకు జరగదని ఎవరు చెప్పగలరు?

అందుకే పార్ట్‌నర్ చెక్. నేల వదిలే ముందు ఇద్దరూ ఒకరి ఎదురుగా ఒకరు నిలబడి, ఎదుటివాళ్ల ముడి, హార్నెస్ బకిల్, బిలే పరికరంలో (ఎక్కేవాళ్లు పడితే తాడును పట్టి ఆపేది) తాడు దిశ, కారబైనర్ (గేటు ఉన్న లోహపు కొక్కెం) లాక్ చూడాలి. చూడటమంటే కళ్లతోనే కాదు. ముడిని చేత్తో పట్టుకోండి. కారబైనర్‌ని వేలితో నొక్కి చూడండి. నాకు పదేళ్ల అనుభవం వచ్చాక ఒక చలి సాయంత్రం, చీకటి పడేలోపు ఇంకో రూటు ఎక్కేద్దామని హడావుడిగా తయారయ్యాం. నా పార్ట్‌నర్ వంగి నా బిలే కారబైనర్‌ని బొటనవేలితో నొక్కాడు. గేటు తెరుచుకుంది. లాక్ తిప్పలేదు నేను. అతను ఏమీ అనలేదు, నా మొహంలోకి చూసి, మళ్లీ నొక్కి చూపించాడు. ఆ చిన్న టిక్ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ముడి వేసేటప్పుడు ఎవరు పలకరించినా, ముడి పూర్తయ్యే దాకా నేను జవాబివ్వను. మీరూ ఆ అలవాటు చేసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

సామాను చూసుకోవడం

మొదట బూట్లు, హార్నెస్, హెల్మెట్, బిలే పరికరం, రెండు లాకింగ్ కారబైనర్లు కొనుక్కుంటే చాలు. తాడు, మిగతా సామాను అనుభవజ్ఞులతో ఎక్కేటప్పుడు వాళ్లవి వాడుకోవచ్చు. సెకండ్‌హ్యాండ్‌లో బూట్లు కొనొచ్చు. తాడు, హార్నెస్, స్లింగ్ (కుట్టిన పట్టీ ఉంగరం) మాత్రం చరిత్ర తెలియనివి ఎప్పుడూ కొనొద్దు.

ఎక్కడానికి వాడేది డైనమిక్ తాడు. పడినప్పుడు సాగి, దెబ్బను మింగుతుంది. సాగని స్టాటిక్ తాడు బరువులు లాగడానికి, రెస్క్యూకి. దాంతో లీడ్ ఎక్కితే, అంటే పైనుంచి తాడు లేకుండా ముందుగా తాడు తగిలించుకుంటూ ఎక్కితే, పడినప్పుడు నడుము విరుగుతుంది. ఇక నైలాన్ ఏదైనా కాలంతో, ఎండతో, రాపిడితో బలం తగ్గిపోతుంది. 2006లో టాడ్ స్కిన్నర్ యోసెమిటీలోని లీనింగ్ టవర్ మీద నుంచి దిగుతుండగా, అరిగిపోయిన హార్నెస్ బిలే లూప్ (ముందువైపు ఉండే పట్టీ ఉంగరం) తెగి చనిపోయారు. దశాబ్దాల అనుభవం ఉన్న మనిషి. వాడినా వాడకపోయినా తయారైన తేదీ నుంచి పదేళ్లు దాటిన నైలాన్ సామాను పక్కన పెట్టేయండి. బాగా వాడేవాళ్లకి తాడు ఏడాది, రెండేళ్లే వస్తుంది. ప్రతి నెలా ఒకసారి తాడు మొత్తాన్ని వేళ్ల మధ్య నుంచి జార్చి చూడండి. ఎక్కడైనా మెత్తగా, చదునుగా తగిలితే లోపలి పోగులు దెబ్బతిన్నాయని అర్థం.

లీడ్ ఎక్కడం, యాంకర్లు

పైనుంచి తాడు ఉన్నప్పుడు పడితే ఒక అడుగు జారతారు. లీడ్‌లో ఆఖరి క్లిప్‌కి రెండు మీటర్లు పైన ఉండి పడితే నాలుగు మీటర్లు, తాడు సాగడం కలుపుకుంటే ఇంకాస్త ఎక్కువ పడతారు. పడిన దూరాన్ని, బయట ఉన్న తాడు పొడవుతో భాగిస్తే ఫాల్ ఫ్యాక్టర్ వస్తుంది. అది ఎంత పెద్దదైతే దెబ్బ అంత గట్టిది. అందుకే బిలే స్టేషన్ (దారి మధ్యలో ఆగి బిలే ఇచ్చే చోటు) నుంచి బయలుదేరిన మొదటి కొన్ని మీటర్లే అన్నిటికంటే ప్రమాదం. అక్కడ మధ్యలో ఏ సామానూ పెట్టకుండా రెండు మీటర్లు ఎక్కి పడితే, రెండు మీటర్ల తాడు మీద నాలుగు మీటర్లు పడినట్టు, ఫ్యాక్టర్ 2. ఆ బరువంతా నేరుగా యాంకర్ మీద, అంటే స్టేషన్‌లో మిమ్మల్ని రాతికి పట్టి ఉంచే కట్టు మీద, పడుతుంది. స్టేషన్ వదలగానే, ఎంత తేలికగా ఉన్నా, మొదటి సామాను పెట్టేయండి.

యాంకర్ కట్టేటప్పుడు రెండు పాయింట్ల మధ్య కోణం 60 డిగ్రీలకు లోపే ఉంచండి. 120 డిగ్రీలకు వెళ్తే ఒక్కో పాయింట్ మీద మొత్తం బరువంతా పడుతుంది, రెండు పెట్టిన లాభం పోతుంది. రాపెల్ చేసేటప్పుడు, అంటే తాడు మీద జారుతూ దిగేటప్పుడు, తాడు రెండు కొసలకూ ముడి వేయండి. కొస దాటి జారిపోయి చనిపోయిన అనుభవజ్ఞులు చాలామంది ఉన్నారు.

కనీసం రెండేళ్లు మీకంటే బాగా తెలిసినవాళ్ల వెనక ఎక్కండి. వాళ్లు పెట్టిన ప్రతి క్యామ్‌నీ తీస్తూ, ఇక్కడే ఎందుకు పెట్టారో ఆలోచించండి. పుస్తకంలో దొరకని చదువు అది.

మంచు మీదికి

ఇక్కడికి వచ్చాక సొంతంగా నేర్చుకోవడం ఆపి, పేరున్న సంస్థలో కోర్సు చేయండి. ఫ్రాన్స్‌లో షామొనీలోని ఎన్సా, 1954లో మొదలైన డార్జిలింగ్ హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ లాంటివి దశాబ్దాలుగా ఈ పనే చేస్తున్నాయి. ఐస్ యాక్స్‌తో జారుడు ఆపుకోవడం, బూట్లకు ఇనుప ముళ్ల క్రాంపాన్లు కట్టుకుని నడక, తాడుతో జట్టుగా గ్లేసియర్ (మంచునది) దాటడం, పగులులో పడిన మనిషిని కప్పీల సాయంతో బయటికి లాగడం, ఇవి చేసి చూస్తేనే వస్తాయి. తల కిందికి, వీపు మంచుకి ఆనేలా జారుతూ యాక్స్ గుచ్చి తిరగబడటం యాభైసార్లు చేస్తేగాని శరీరం గుర్తుపెట్టుకోదు.

మంచు చరియల గురించి ప్రత్యేకంగా చదవండి. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే ఇవి ఎక్కువగా విరిగిపడతాయి. దురదృష్టం ఏమిటంటే, స్కీయింగ్‌కీ నడకకీ మనకు బాగా నచ్చే వాలు కూడా అదే. కొత్త మంచు, గాలి, హఠాత్తుగా పెరిగిన వేడి మూడూ ప్రమాద సూచనలు. ట్రాన్స్‌సీవర్ (కూరుకుపోయినవాళ్ల జాడ చెప్పే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార జట్టులో ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. కూరుకుపోయిన మనిషిని మొదటి పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం ఎక్కువ, ఆ తర్వాత వేగంగా పడిపోతుంది. రెస్క్యూ హెలికాప్టర్ అంత త్వరగా రాదు. పక్కనున్న మీరే రెస్క్యూ.

ఎత్తు

3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు రాత్రికి 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలి. పగలు ఎత్తుకి ఎక్కి, రాత్రికి కిందికి దిగి పడుకుంటే శరీరం త్వరగా అలవాటు పడుతుంది. ఎవరెస్ట్ శిఖరం మీద గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడో వంతే. ఫిట్‌నెస్ బాగున్నంత మాత్రాన ఎత్తు మిమ్మల్ని వదిలిపెట్టదు. బలమైన కుర్రవాళ్లే వేగంగా ఎక్కి ముందు పడిపోవడం నేను చాలాసార్లు చూశాను.

గైడ్‌గా మీరు రోజూ చేయాల్సిన పని ఒకటి చెప్తాను. సాయంత్రం క్యాంపులో ఒక్కొక్కరినీ బూటు మడమను రెండో బూటు వేళ్లకు ఆనిస్తూ, పది అడుగులు తిన్నగా నడవమనండి. తూలితే, మెదడు వాపు మొదలైందని అనుమానించాలి. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, ఆగని దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుండొచ్చు. రెండింటికీ మొదటి వైద్యం కిందికి దించడమే. తెల్లారేదాకా ఆగొద్దు. మందుల సంగతి ఎక్స్‌పెడిషన్‌కి ముందే డాక్టర్‌తో మాట్లాడి, ఎవరికి ఏది, ఎంత మోతాదో కాగితం మీద రాసుకుని పెట్టుకోండి. “నాకేం లేదు, బాగానే ఉన్నాను” అని క్లయింట్ అంటారు. డబ్బు కట్టి, ఏళ్ల తరబడి కలలు కని వచ్చారు కాబట్టి అలాగే అంటారు. మాటను కాదు, నడకను నమ్మండి.

లాగ్‌బుక్, లైసెన్సు

మొదటి రోజు నుంచే లాగ్‌బుక్ రాయండి. తేదీ, రూటు, గ్రేడు (రూటు ఎంత కష్టమో చెప్పే కొలత), వాతావరణం, లీడ్ చేశారా వెనక ఎక్కారా, ఏది తప్పు జరిగింది. గైడ్ పరీక్షకి దరఖాస్తు పెట్టేటప్పుడు ముందు అడిగేది ఇదే. జ్ఞాపకం మీద ఆధారపడి ఐదేళ్ల తర్వాత రాయడం కుదరదు.

పర్వత గైడ్లకు ప్రపంచమంతా గుర్తించే అర్హత అంతర్జాతీయ పర్వత గైడ్ల సమాఖ్యది. 1965లో ఆస్ట్రియా, ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ గైడ్లు కలిసి మొదలుపెట్టారు. రాయి, ఆల్పైన్, స్కీ మూడింటిలోనూ శిక్షణ, పరీక్షలు ఉంటాయి. ఏళ్లు పడుతుంది, ఖర్చు కూడా ఎక్కువే. స్కీయింగ్ రాకపోవడం వల్ల చాలామంది మంచి క్లైంబర్లు ఇక్కడ ఆగిపోతారు. ఇష్టం ఉన్నా లేకపోయినా స్కీలు ముందే నేర్చుకోండి.

అంత దూరం వెళ్లనక్కర్లేనివాళ్లకి ఒక్క పిచ్ (ఒక తాడు పొడవులో అయిపోయే) రూట్ల మీద నేర్పించే ఇన్‌స్ట్రక్టర్ అర్హతలు ఉంటాయి. రోప్ యాక్సెస్‌లో ఇరాటా అనే అంతర్జాతీయ సంస్థ మూడు స్థాయిల్లో సర్టిఫికెట్ ఇస్తుంది. మొదటి స్థాయి నుంచి రెండో స్థాయికి పోవాలంటే కనీసం 12 నెలలు, 1,000 గంటలు తాడు మీద పనిచేసి ఉండాలి. ఖాళీ నెలల్లో ఈ పని చాలామందిని నిలబెట్టింది. ఏ దారైనా, ఆసుపత్రికి దూరంగా ఉండే చోట్ల చేసే ప్రథమ చికిత్స కోర్సు తప్పనిసరి. అది కాగితం కోసం చేయకండి.

స్పాన్సర్లు

కంపెనీలు ఒక్క శిఖరం చూసి రావు. టామీ కాల్డ్‌వెల్‌కి 2001లో చెక్క కోసే యంత్రంలో ఎడమ చూపుడువేలు కొంత పోయింది. 2015 జనవరిలో కెవిన్ జోర్గెసన్‌తో కలిసి, ఎల్ కాపిటన్ మీది డాన్ వాల్‌ని 19 రోజులు గోడ మీదే ఉండి ఎక్కారు. దాని వెనక ఏళ్ల తరబడి ప్రయత్నాలున్నాయి. అలెక్స్ హానాల్డ్ 2017లో అదే ఎల్ కాపిటన్‌ని తాడు లేకుండా ఎక్కిన సంగతి విని, పేరు తెచ్చుకోవడానికి ఆ దారి పట్టాలనుకునే కుర్రవాళ్లు నాకు ఉత్తరాలు రాస్తుంటారు. ఆయన అదే రూట్‌ని ముందు తాడుతో లెక్కలేనన్నిసార్లు సాధన చేశారు. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. స్పాన్సర్ కావాలంటే చక్కగా రాయడం, ఫొటోలు తీయడం, జనం ముందు మాట్లాడటం నేర్చుకోండి. కొత్త రూట్లు తెరవండి, వాటి వివరాలు నిజాయితీగా రాయండి. ఎక్కనిది ఎక్కామని ఒక్కసారి చెప్పి దొరికిపోతే ఈ చిన్న ప్రపంచంలో ఇక ఎవరూ నమ్మరు.

వెనక్కి తిరగడం

1987లో వీస్టర్స్ ఎవరెస్ట్ శిఖరానికి సుమారు 100 మీటర్ల దూరంలో వెనక్కి తిరిగారు. పైకి కనిపిస్తూనే ఉంది. మూడేళ్ల తర్వాత మళ్లీ వచ్చి ఎక్కారు. 1996 మే 10న అదే పర్వతం మీద, తిరగాల్సిన సమయం దాటాక కూడా చాలామంది పైకి పోతూనే ఉన్నారు. సాయంత్రానికి తుపాను కమ్ముకుని ఎనిమిదిమంది ప్రాణాలు పోయాయి.

తిరిగే సమయాన్ని క్యాంపులోనే, బుర్ర చురుగ్గా ఉన్నప్పుడే నిర్ణయించుకుని కాగితం మీద రాయండి. క్లయింట్‌కి వినిపించి, సరేననిపించుకోండి. పైన, చలిలో, ఆక్సిజన్ తక్కువైన బుర్రతో కొత్తగా ఏమీ నిర్ణయించకూడదు, రాసుకున్నది అమలు చేయడమే. క్లయింట్ ఏడుస్తారు, కోప్పడతారు, ఇంకో అరగంట అంటారు. నా మీద అరిచినవాళ్లలో ఇద్దరు తర్వాతి సీజన్‌లో మళ్లీ నా తాడు మీదికే వచ్చారు.

మొదటి క్లయింట్ రోజు

మొదటి పని తేలికైన రూటు మీదే ఒప్పుకోండి, మీ సొంత గ్రేడు కంటే చాలా తక్కువది. మీ ధ్యాసంతా ఆ మనిషి మీద ఉండాలి, మీ పాదాల మీద కాదు. ముందురోజే ఆ రూటు ఒకసారి ఎక్కి దిగండి. ఇన్సూరెన్స్ కాగితాలు, అత్యవసర నంబర్లు, ఆరోగ్య వివరాలు ముందే తీసుకోండి. పొద్దున కలవగానే గ్రేడుల గురించి మాట్లాడొద్దు. రాత్రి నిద్ర పట్టిందా, ఏమైనా తిన్నారా, దేనికి భయంగా ఉంది అని అడగండి. నెమ్మదిగా, ఒక్కో పేరూ చెబుతూ హార్నెస్ వేయించండి. ముడి వాళ్లచేతే వేయించి, ఐదు జంటలూ మీరు లెక్కపెట్టండి. ఆ తర్వాత మీ ముడిని వాళ్ల చేతికిచ్చి, లెక్కపెట్టమనండి.